విదేశీ కంపెనీ భయము: ఒక ఖండనము

నిజామాబాదు గంజులో పసుపు రాశుల నడుమను, బోధను ప్రాంతపు చెరకు పల్లెలలో గల్ఫునుండి తిరిగివచ్చినవారి అరుగులమీదను, ఉద్యోగ విరమణానంతరము చేతికందిన మొత్తమును ఎక్కడ నిలుపవలెనో తేలక తర్జనభర్జన పడుచున్న ఉపాధ్యాయుల, గుమాస్తాల గోష్ఠులలోను, షేర్ల ప్రస్తావన వచ్చిన ప్రతిపర్యాయము ఒకే తీర్పు వినబడుచున్నది: దేశముగాని దేశపు కంపెనీలు దగాకోరు కంపెనీలు; వాని లెక్కలు మనము చూడజాలము, వానిని కోర్టుకు ఈడ్వజాలము; మన దేశపు కంపెనీ, అందును మన తెలుగువారు నడపు కంపెనీ అయినచో పెట్టిన సొమ్మునకు భయము లేదు. ఈ తీర్పు చెప్పువారు అవివేకులు కారు. పలువురు కష్టార్జితమును పోగొట్టుకొని నేర్చినవారు. అయినను ఈ తీర్పు తప్పు. తప్పగుటయే కాక, నమ్మినవానిని మోసమునకు దూరముగా కొనిపోవుటకు మారుగా, తిన్నగా దాని వాకిటికే నడిపించుకొనిపోవు తీర్పు.

ప్రతిపక్షమునకు బలము లేకపోలేదు. ఆ బలమెంతయో మొదట చెప్పుట న్యాయము. చైనాలో విస్తారమైన అరణ్యసంపద తనకున్నదని చెప్పుకొని కెనడాలోని టొరాంటో మార్కెటులో షేర్లమ్మిన సైనో ఫారెస్టు అను కంపెనీపై 2011 జూనులో మడ్డీ వాటర్స్ అను పరిశోధన సంస్థ ఆరోపణలు ప్రకటింపగా, ఆ కంపెనీ మరుసటి సంవత్సరమే దివాలా రక్షణ కోరవలసివచ్చెను. అక్కడ జరిగినది మోసమేయని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషను 2017లో నిర్ణయించెను. చైనా దేశపు లకిన్ కాఫీ 2019 మే నెలలో అమెరికా నాస్‌డాక్ మార్కెటున ప్రవేశించి, ఏడాది తిరుగకముందే, 2020 ఏప్రిలులో, సుమారు 220 కోట్ల యువానుల అమ్మకములు కల్పితములని తానే వెల్లడింపవలసివచ్చెను. ఇట్టి కంపెనీలను తనిఖీచేయు ఆడిటర్ల కాగితములను పరిశీలించుటకు అమెరికా పర్యవేక్షక మండలికి చైనా ప్రభుత్వము ఏండ్లతరబడి అనుమతి నీయలేదు. దూరమున్నది, తనిఖీ లేదు, దోషి చేతికి చిక్కడు: ప్రతిపక్షపు వాదమంతయు ఈ మూడు మాటలలో ఇమిడియున్నది. ఈ మూడును సత్యములే. వీనినుండి వారు లాగిన సిద్ధాంతమే అసత్యము.

1. మన మార్కెటులో విదేశీ కంపెనీ ఏది?

మొట్టమొదట, భయపడువారు దేనిని చూచి భయపడుచున్నారో తేల్చుకొనవలయును. విదేశమున స్థాపితమైన కంపెనీ తన పేరనే మన దేశపు స్టాకు మార్కెటులలో నమోదగుటకు డిపాజిటరీ రసీదుల పద్ధతి ఒకటి ఏర్పరచిరి; ఆ దారిని వచ్చినది స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు ఒక్కటియే. అది 2010లో వచ్చి 2020లో వెడలిపోయెను. హిందుస్థాన్ యూనిలీవరును, నెస్లే ఇండియాను విదేశీ కంపెనీలని జనులు వ్యవహరించుచున్నారు గాని, అవి మన కంపెనీల చట్టముక్రింద పుట్టి, మన ఆడిటర్లచేత తనిఖీ చేయించుకొని, మార్కెటు నియంత్రణసంస్థయగు సెబీ నిబంధనలకు లోబడియున్న భారతీయ కంపెనీలు; వాని షేర్లలో అధికభాగము విదేశపు మాతృసంస్థల చేతిలో ఉన్నది, అంతమాత్రమే. కావున బొంబాయి మార్కెటులో షేర్లు కొను నిజామాబాదు మదుపరి, తనను భయపెట్టుచున్న జంతువును ఆ అడవిలో కలిసికొను అవకాశమే మిక్కిలి తక్కువ. తానై అమెరికా మార్కెటునకు పోదలచినవానికి రిజర్వు బ్యాంకు ఏటికి 2,50,000 డాలర్లవరకు పంపుకొను సౌకర్యమిచ్చినది. ఆ మార్గమున పోవువారు మన జిల్లాలో ఎందరుందురు?

అట్లయిన, విదేశీ కంపెనీవలన మోసపోయితిమని చెప్పువారందరు అబద్ధమాడుచున్నారా? లేదు. వారు పోగొట్టుకొన్నది నిజమైన సొమ్మే. ఫోనులో ఎవరో పంపిన లింకు నొక్కి, ఒక యాప్ దింపుకొని, డాలర్ల వ్యాపారమను పేర పైకము పంపి, తెరమీద లాభము దినదినము పెరుగుచుండగా సంతోషించి, తీసికొనబోవునప్పటికి పన్ను కట్టుము, రుసుము కట్టుము అని మరికొంత పిండించుకొని, కడపట ఆ యాప్ మాయముకాగా నష్టపోయినవారు వారు. కాని ఆ యాప్ వెనుక కంపెనీ లేదు, షేరు లేదు, స్టాకు మార్కెటు లేదు. ఇంగ్లీషున ఒక పేరును విదేశమున ఒక చిరునామాను మాత్రమున్నవి. అనుమతిలేని విదేశీ మారక వ్యాపార వేదికల జాబితాను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో 34 పేర్లతో ప్రకటించి, అటుపిమ్మట పెంచుచు వచ్చినది. ఎక్కడను నమోదుకాని వంచకుని చేత మోసపోయి, నమోదైన విదేశీ కంపెనీలను నిందించుట, దొంగ వేసికొన్న వేషమును చూచి ఆ వేషము సహజముగా ధరించు జాతినంతను దొంగల జాబితాలో చేర్చుట వంటిది. ఈ గందరగోళమువలన లాభపడువాడు ఆ వంచకుడే. ఏలయన, రేపు అతడే అచ్చతెలుగు పేరుతో, నిజామాబాదు చిరునామాతో వచ్చినచో, ఈ తీర్పు నమ్మినవానికి వానిని శంకించుటకు కారణమే ఉండదు.

2. సత్యము చెప్పిన కంపెనీ

ఇపుడు అసలు విషయమునకు వత్తును. స్టాకు మార్కెటున నమోదైన విదేశీ కంపెనీ చేసిన మోసమునకు ప్రపంచమున ప్రసిద్ధములైన ఉదాహరణములలో ఒకటి మనదే. హైదరాబాదున 1987లో స్థాపితమై, 2001 మే నెలలో న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజిలో చేరిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అమెరికా మదుపరికి దేశముగాని దేశపు కంపెనీయే: ప్రధాన కార్యాలయము ఏడు సముద్రముల కావల, లెక్కలు అక్కడ, బ్యాంకులు అక్కడ, ఆడిటరు అక్కడ. తెలుగు మదుపరికో, అది ఇంటి కంపెనీ, ఇంటి గౌరవము. మన పిల్లలకు ఉద్యోగములిచ్చిన సంస్థ. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో, ఖాతాలలో నగదుగాను బ్యాంకు నిల్వలుగాను చూపిన మొత్తమున 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు మాసములకు 649 కోట్లు లాభము చూపగా వాస్తవముగా వచ్చినది 61 కోట్లేయని ఆ లేఖయే తెలిపినది. ఆ ఒక్కనాడే బొంబాయిలో ఆ షేరు 179 రూపాయలనుండి 40 రూపాయల దరికి కూలెను.

ఒకే కంపెనీ, ఒకే ఆస్తిఅప్పుల పట్టిక, ఒకే అబద్ధము. దానిని న్యూయార్కున కొన్నవాడు విదేశీ కంపెనీచేత మోసపోయెను. బొంబాయిలో కొన్నవాడు స్వదేశీ కంపెనీచేత మోసపోయెను. విదేశీయత కంపెనీయందలి గుణమైనచో అది రెండు మార్కెటులలోను ఒకే విధముగా ఉండవలెను గదా! అది చూచువాడు నిలిచిన చోటునుబట్టి మారుచున్నది. మారని గుణము వేరొకటి: ఖాతాలో వ్రాసిన సొమ్ము బ్యాంకులో ఉన్నదా యని, వ్రాసినవాని ప్రమేయము లేకుండ ఎవరును చూడలేదు.

దగ్గరివారికి తెలియునను నమ్మకమునకు ఈ కథలో ఎంతటి శిక్ష పడినదో చూడుడు. ఆ నిల్వలు దూరదేశపు ద్వీపములలో దాచినవి కావు; మన దేశమున శాఖలున్న బ్యాంకులలో డిపాజిట్లుగా చూపినవి. ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ పేరుగల భారతీయ సంస్థలవారు. బ్యాంకునకు తామే జాబు వ్రాసి తామే జవాబు తెప్పించుకొనవలసిన ఆడిటర్లు, ఆ ఉత్తరప్రత్యుత్తరముల పని కంపెనీ యాజమాన్యము చేతికే వదలివేసిరని అమెరికా సెక్యూరిటీస్ కమిషను నిర్ధారించినది. కంపెనీ యాజమాన్యమువారు 6,000కు మించిన దొంగ బిల్లులు పుట్టించిరనియు ఆ కమిషనే తెలిపినది. డైరెక్టర్ల సభలో హార్వర్డు ఆచార్యుడొకరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను, భారత ప్రభుత్వపు మాజీ క్యాబినెట్ కార్యదర్శి కూర్చుండిరి. ఆ లేఖకు కొద్దినెలల ముందే, 2008లో, కంపెనీ సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ బహుమానము ఈ కంపెనీకే లభించెను. తరువాత దానిని ఉపసంహరించుకొనిరి. ఇంతటి సామీప్యము, ఇంతటి పరిచయము, ఇంతటి ప్రతిష్ఠ ఏకమై ఒక్క బ్యాంకు కాగితమును పరీక్షింపలేకపోయినవి. ప్రతిష్ఠ పరీక్షను అడ్డుకొన్నదని చెప్పుటయే న్యాయము. మనవాని లెక్కలు అడుగుట అమర్యాదయను భావము మనలో ఎంత లోతుగా నాటుకొన్నదో తెలిసినవారికి ఇందు ఆశ్చర్యముండదు.

ఇక, మొట్టమొదట గట్టిగా మొరపెట్టిన వారెవరు? 2008 డిసెంబరు 16న సత్యం డైరెక్టర్లు రాజు కుటుంబమునకు చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు ఆమోదించిరి. సాఫ్టువేరు కంపెనీ సొమ్ముతో అధ్యక్షుని కుమారుల భూముల, నిర్మాణముల కంపెనీలను కొనుట! ఆ వార్త వినినంతనే న్యూయార్కున సత్యం డిపాజిటరీ రసీదుల ధర సగమునకు మించి పడిపోయినది. తెల్లవారి బొంబాయి మార్కెటు తెరువకమునుపే ఆ నిర్ణయమును రద్దుచేసికొనవలసివచ్చెను. ఏ దూరపువానికి కండ్లు లేవని మనవారు చెప్పుచున్నారో, ఆ దూరపువాడే, ఎవరి మొగమాటమును లేనివాడు గనుక, ఆ రాత్రి చూచినది చూచినట్లు షేరమ్మి చెప్పెను. చూడదలచినవానికి ఇక్కడను గుర్తులు లేకపోలేదు: 2001లో కంపెనీయందు నాలుగవ వంతునకు మించియున్న ప్రమోటరు కుటుంబపు వాటా, 2008 మార్చి నాటికి నూటికి తొమ్మిది లోపునకు దిగజారియుండెను, మిగిలిన షేర్లును అప్పులకు తాకట్టుపడియున్నవని తుదకు తేలినది. యజమాని తానే వదలించుకొనుచున్న దానిని, అతడు మనవాడను అభిమానముతో మనము పట్టుకొని కూర్చుంటిమి.

3. చట్టము అందదను వాదము

విదేశీ కంపెనీ మోసగించినచో న్యాయము దొరకదు, స్వదేశీ కంపెనీపై మన కోర్టులున్నవి: ఇది ప్రతిపక్షపు రెండవ స్తంభము. దీనిని కూలద్రోయుటకు సత్యం కథ ఉత్తరభాగము చాలును.

విదేశీయుడైన అమెరికా మదుపరికి ఏమి లభించెను? న్యూయార్కు కోర్టులో మదుపరులందరి పక్షమున సామూహిక దావా నడిచెను. సత్యం కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లు చెల్లించుటకు 2011లో రాజీపడినవి. ఇదికాక, ఆ యేటి ఏప్రిలులో సెక్యూరిటీస్ కమిషనుకు సత్యం కోటి డాలర్లు, ఆడిటర్లు 60 లక్షల డాలర్లు అపరాధరుసుము చెల్లించిరి. ఆడిట్ పర్యవేక్షక మండలికి మరి 15 లక్షలు.

స్వదేశీయుడైన తెలుగు మదుపరికి ఏమి లభించెను? సామూహిక దావాకు తగిన నిబంధన మన కంపెనీల చట్టమున ఆనాడు లేదు. మదుపరుల సంఘమొకటి సుమారు 3 లక్షలమంది పక్షమున దాదాపు 5,000 కోట్ల నష్టపరిహారము కోరుచు జాతీయ వినియోగదారుల కమిషను మెట్లెక్కెను. అక్కడ విచారణకు నోచుకొనలేదు. దోషులకు శిక్ష పడలేదని నేను చెప్పను: హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము 2015 ఏప్రిలులో రాజునకును మరి తొమ్మిదిమందికిని ఏడేండ్ల కారాగారము విధించినది, సెబీ 2014లో రాజును మరి నలుగురిని పదునాలుగేండ్లు మార్కెటునుండి బహిష్కరించి, అక్రమలాభము 1,849 కోట్లు వడ్డీతో కట్టుమన్నది. కాని శిక్ష వేరు, పరిహారము వేరు. ఆడిటర్ల విషయమున మన చట్టము ఎట్లు నడచెనో మరియు చూడుడు: మోసము బయటపడిన తొమ్మిదేండ్లకు, 2018 జనవరిలో, సెబీ ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలను రెండేండ్లు నిషేధించెను, ఆడిటు మంచిచెడ్డలు విచారించు అధికారము సెబీకి లేదని 2019 సెప్టెంబరులో అప్పీలు ట్రిబ్యునలు ఆ నిషేధమును కొట్టివేసెను.

ఇందులో ఇంకొక కఠినసత్యమున్నది. దీనిని పెక్కురు గమనింపరు. అమెరికావారికి 12.5 కోట్ల డాలర్లు చెల్లించినది రామలింగరాజు కాదు, కంపెనీ. కంపెనీ యనగా ఎవరు? ఆనాటికి దాని షేర్లు పట్టుకొనియున్నవారు. టెక్ మహీంద్రా 2009 ఏప్రిలులో షేరునకు 58 రూపాయల వంతున వేలములో దానిని గైకొనిన తరువాత, నమ్మకముతోనో నిస్సహాయతతోనో షేర్లమ్మక నిలిచిన చిన్న మదుపరియు ఆ యజమానులలో ఒకడే. అనగా తెలుగు మదుపరి తన నష్టమునకు పరిహారము పొందకపోవుటయే గాక, అదే మోసమున నష్టపడిన విదేశీయునికి పరిహారము చెల్లించుటలో తన వంతు భరించెను. స్వదేశీ కంపెనీలో మనకు చట్టరక్షణ అధికమని చెప్పువారు దీనికి సమాధానము చెప్పవలయును. నేనింతవరకు ఒక్క సమాధానమును వినలేదు.

4. కంటికెదుట పొగగొట్టము

"కనబడు ఫ్యాక్టరీ ఉన్నచో చాలును, గాలిలో మేడలు వలదు" అని బోధను ప్రాంతపువారు చెప్పుట సహజమే. వారు ఫ్యాక్టరీ నీడలో పెరిగినవారు. మంజీరపై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరు నీటితో చెరకు పండింప, 1937లో శక్కర్‌నగరున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరొందినది. ప్రభుత్వసంస్థగా నడచి, 2002లో 51 శాతము వాటా ప్రైవేటువారికి పోగా నిజాం దక్కన్ షుగర్స్ అను పేరు దాల్చి, 49 శాతము వాటాతో ప్రభుత్వమును అందే యుండగా, 2015 డిసెంబరులో మూతపడినది. 2019లో కంపెనీ లా ట్రిబ్యునలు దానిని లిక్విడేషనుకు పంపినది.

ఇక్కడ మోసము జరిగినదని నేను చెప్పుటలేదు; ఆ విక్రయపు తగవు వేరు, దానిని చర్చించుటకు ఇది చోటు కాదు. నేను చెప్పునది ఇంతే: దానికంటె దగ్గరి కంపెనీ ఉండబోదు. దాని కూత వినియే ఊరు మేల్కొనెడిది. దాని యజమానులలో మన ప్రభుత్వమే ఉండెను. అయినను, చెరకు వేసిన రైతునకు గాని, లోపల పనిచేసిన కార్మికునకు గాని దాని అప్పులెంతయో, నిల్వలెంతయో, ఎన్ని సీజన్లు నడువగలదో పొగగొట్టము చూచి తెలియలేదు. ఆ తెలియమికి మూల్యము చెల్లించినది ఆ రెండు వర్గములే: ఒకరికి జీతము పోయెను, ఒకరికి చెరకు తీసికొనువాడు పోయెను. పొగగొట్టము కనబడును, లెక్క కనబడదు.

అయినను ఈ రైతునకు ఆడిటు సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. చెరకు బండి ఫ్యాక్టరీ కాంటాపై ఎక్కినపుడు, తూకము వేయువాడును డబ్బు చెల్లించువాడును ఒక్కడే యగుటచేత, ఆ ముల్లువంక రెప్పవాల్చక చూచినవాడతడు. ఫ్యాక్టరీవాడు పరిచయస్థుడని గాని, తెలుగువాడని గాని ఆ చూపు తిప్పినవాడు కాడు. బండెడు చెరకునకు చూపిన ఆ జాగరూకత జీవితకాలపు పొదుపునకు చూపకపోవుటకు కారణము లోకజ్ఞానలోపము కాదు. "మనవారి కంపెనీ" యను మాట చూపును కప్పివేయుటయే.

5. స్వదేశాభిమానము ఏమి చేయునో జర్మనీ చెప్పును

ఈ వ్యాధి మనకు మాత్రమున్నది కాదు. జర్మనీలోని వైర్‌కార్డు అను చెల్లింపుల కంపెనీ 2018 సెప్టెంబరులో ఆ దేశపు అగ్రశ్రేణి సూచియైన డాక్స్‌లో చేరెను. దాని లెక్కలు తప్పని లండనునుండి వెలువడు ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వరుసగా వ్రాయగా, జర్మను మార్కెటు నియంత్రణసంస్థ బాఫిన్ ఆ కంపెనీని పరీక్షించుటకు మారుగా 2019 ఫిబ్రవరిలో దాని షేర్ల షార్ట్ సెల్లింగును, అనగా ధర పడునని ఎంచి అరువు షేర్లమ్ముటను, నిషేధించి, పిమ్మట ఆ పత్రికారచయితలపైననే నేరవిచారణ కోరెను. విదేశీయులు మన కంపెనీని కూల్చుటకు పన్నాగము పన్నుచున్నారనుట ఎంత సులభమైన నమ్మకము! 2020 జూనులో 190 కోట్ల యూరోలు అసలు లేవని తేలి, కొద్ది దినములకే ఆ కంపెనీ దివాలా తీసెను. చైనావారిని శంకించుట ఎట్లో జర్మనులకు తెలియును. తమ ఇంటివానిని శంకించుట వారికి చేతకాలేదు. అమెరికావారు 2001లో, తప్పుడు లెక్కలతో కూలిన తమ ఎన్రాను కంపెనీ విషయమున నేర్చినదియు ఇదియే.

మోసగానికి కావలసినది విదేశము కాదు, ప్రశ్న రాని చోటు. విదేశమున ప్రశ్న రాకుండ చేయునది సరిహద్దు; స్వదేశమున ప్రశ్న రాకుండ చేయునది అభిమానము. సరిహద్దును చట్టముతో దాటవచ్చును. అభిమానమును దాటుట మిక్కిలి కష్టము.

6. ప్రతిపక్షపు సాక్షియే మా సాక్షి

విదేశీ కంపెనీల భయమునకు ప్రమాణముగా అమెరికా 2020 డిసెంబరులో చేసిన చట్టమును ఉదహరించువారు దానిని చదివి చూడవలయును. విదేశీ కంపెనీలను జవాబుదారీ చేయుటకని పేరుపెట్టిన ఆ చట్టము విదేశీ కంపెనీలను వెళ్లగొట్టుమని చెప్పలేదు. ఏ కంపెనీ ఆడిటరు కాగితములను పర్యవేక్షక మండలి వరుసగా మూడేండ్లు తనిఖీ చేయజాలకపోవునో, దాని షేర్ల వ్యాపారము నిలిపివేయుమన్నది. బెదరింపు పనిచేసినది. 2022 ఆగస్టులో చైనా ఒప్పందమునకు వచ్చెను. ఆ డిసెంబరులో తనిఖీకి పూర్తి అవకాశము దొరికినదని మండలి ప్రకటించెను. అటుపిమ్మట చట్టపు గడువును రెండేండ్లకు తగ్గించిరి. ఏ చైనా కంపెనీలను వెళ్లగొట్టెదరని లోకమనుకొన్నదో, వానిలో పెక్కు ఆ మార్కెటులలోనే నిలిచినవి. కంపెనీల జాతి మారలేదు; లెక్కల తలుపు తెరచుకొన్నది. ప్రతిపక్షము తన పక్షమున నిలిపిన సాక్షి ఇంతకంటె స్పష్టముగా మా పక్షమున పలుకజాలదు.

ఈ విదేశీ భయమువలన కలుగు హానిని కూడ దాచరాదు. విదేశీ యనినంతనే వెనుదిరిగి, స్వదేశీ యనినంతనే ముందుకు దూకు మదుపరి, షేర్లయందే ఆగిపోవుటలేదు. లెక్కయే ప్రకటింపని తెలిసినవాని ఫైనాన్సుకును, కాగితముమీద గీతలు తప్ప మరేమియు లేని వెంచరుకును, రిజిస్ట్రేషను లేని చిట్టీకిని, అదే "మనవాడు" అను తర్కముతో సొమ్ము తరలించుచున్నాడు. మస్కటులో, దుబాయిలో ఎండకు మాడి పంపిన పైకము ఆర్మూరులో, బోధనులో ఇట్లు కరగిపోవుచున్నది. సంవత్సరమునకు నాలుగుమార్లు లెక్కలు బయటపెట్టవలసిన కంపెనీని అది విదేశీదని శంకించి, ఏనాడును లెక్క చూపనివానిని అతడు పక్కవీధివాడని నమ్ముట వివేకమని నేననజాలను.

అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఆడిటరెవరు, ఆ ఆడిటరును తనిఖీచేయు అధికారి ఎవరు? సత్యం తరువాత తొమ్మిదేండ్లకు, 2018లో, మన దేశమున జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికారసంస్థ ఏర్పడినది. దాని తనిఖీ నివేదికలు ఎవరైనను చదువవచ్చును, చదువువారు అరుదు. ప్రమోటరు షేర్లెన్ని తాకట్టులో ఉన్నవి? ఇది 2009 జనవరినుండి సెబీ నిబంధనచేత వెల్లడింపక తప్పని విషయము. మూడు మాసములకొకమారు చూచుకొనవచ్చును. లాభము చూపుచున్న కంపెనీ, చేతిలో నగదు కుప్పలుగానుండగా, అప్పు ఎందుకు చేయుచున్నది? కుటుంబమువారి కంపెనీలతో బేరములెన్ని? ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను దేశముతో పని లేదు; చైనా కాఫీ కంపెనీకి, జర్మను చెల్లింపుల కంపెనీకి, హైదరాబాదు సాఫ్టువేరు కంపెనీకి సమానముగా వర్తించును.

ప్రభుత్వమును అడుగవలసినదియు ఒకటి యున్నది. 2013 కంపెనీల చట్టమున 245వ సెక్షను సామూహిక దావాకు దారి తెరచినది. అది 2016లో అమలులోనికి వచ్చినది. సభ్యులలో నూరుమంది, లేదా నూటికి అయిదుగురు, ఈ రెంటిలో ఏది తక్కువైన అందరు కలిసి, డైరెక్టర్లనుండియు ఆడిటర్లనుండియు కూడ నష్టపరిహారము కోరవచ్చును. కంపెనీనుండి గాక దోషులనుండియే కోరుటకు వీలున్నందున, మోసపోయినవాడే మోసపోయిన మరొకనికి చెల్లించు సత్యం నాటి దుర్గతి తప్పించుటకు మార్గమున్నది. మదుపరులు తీసికొనని డివిడెండ్లతో పోగైన మదుపరుల రక్షణనిధినుండి అట్టి దావాల ఖర్చు తిరిగి చెల్లింపవచ్చునని 125వ సెక్షను చెప్పుచున్నది. అయినను ఈ దారిని నడచినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఏలయన, చిన్న మదుపరికి ఖర్చు ముందు భరించు శక్తి లేదు, నిధి చెల్లించునది తరువాత. ఆ నిధి ముందుగానే ఖర్చు భరించునట్లు నిబంధన మార్పవలయునని, నిజామాబాదు, బోధను, ఆర్మూరు మదుపరులు తమ పార్లమెంటు సభ్యుని అడుగవలయును. విదేశీ కంపెనీలను తిట్టుటకు వెచ్చించు నోటిబలమును ఇందుకు వెచ్చింపవలయును. సత్యం కూలిననాడు మూడు లక్షలమందికి లేని హక్కు ఈనాడు నూరుమందికి ఉన్నది. ఆ నూరుమంది ఇంకను కూడలేదు.